ఎవరూ లేనప్పటి కొలత

బాణాలు చేసే ఆ మనిషిని వీధిలో అందరూ కొలతలాయన అంటారు. అసలు పేరు ఆయనకైనా గుర్తుందో లేదో. కప్పులో టీ పోసుకున్నా ఎంతవరకు వచ్చిందో ఓరగా చూసుకునే రకం. పెళ్ళాం కొన్నేళ్ళు ఓపిక పట్టి, "నీతో కాపురం గజంబద్దతో కాపురంలా ఉంది" అని పెట్టె సర్దుకుని వెళ్ళిపోయింది. ఆ మాటకైనా మనిషన్నవాడికి పౌరుషం రావాలా? గుమ్మం దాకా వెంట వెళ్ళి, "పెట్టె బరువుగా ఉంది, నేను పట్టుకోనా?" అన్నాడట. నోట్లో నాలుక లేకపోవడమంటే ఇదే మరి.

సైకిళ్ళ కొట్టుకీ ఇస్త్రీ కొట్టుకీ మధ్య ఇరుక్కున్న గది ఆయనది. ముందు కొట్టు, వెనక మంచం. గోడ పొడుగునా బాణం కర్రలు నిలబెట్టి ఉంటాయి: మెత్తనివి కిటికీ వైపు, బిర్రువి తలుపు వైపు. ఏ కర్ర ఎటు పోవాలో చేత్తో వంచి చెప్పడు. రెండు మేకుల మీద కర్రను అడ్డంగా పెట్టి, నడుముకి రాయి వేలాడదీసి, కర్ర ఎంత వంగిందో చూసి చెబుతాడు.

ఈ తంతంతా ఎందుకయ్యా, పుల్లకి ములికి తగిలిస్తే బాణం కాదా అంటే, కాదు. విల్లు పిడి సరిగ్గా బాణం దారికి అడ్డంగా ఉంటుంది. అల్లెతాడు వదలగానే బాణం నడుము వంచి, పిడిని తప్పించుకుని, అవతల మళ్ళీ తిన్నగా సర్దుకుని పోవాలి. కర్ర మరీ బిర్రుదైతే వంగనని భీష్మించుకుంటుంది, పిడికి కొట్టుకుని ఎడమకి పోతుంది. మరీ మెత్తనిదైతే ఎక్కువ వంగి కుడికి పోతుంది. ఎంత వంగాలన్నది విల్లు బలాన్ని బట్టి ఉంటుంది, విల్లు బలమేమో దాన్ని ఎంత దూరం లాగారన్నదాన్ని బట్టి ఉంటుంది. అందుకే కొట్టుకి ఎవరొచ్చినా ముందు వాళ్ళ చేతికి గీతలు గీసిన పొడుగాటి బాణం ఒకటిచ్చి లాగమంటాడు. పక్కన నిలబడి, పిడి దగ్గర ఏ గీత ఆగిందో చదువుతాడు. ఆ గీతను బట్టే బాణం పొడుగు, బిగువు. ఇన్నేళ్ళలో ఆయన చదివిన గీత తప్పిందని ఒక్కరూ అనలేదు.

అన్నది బేకరీ చెల్లెలే.

బేకరీ అక్కాచెల్లెళ్ళంటే ఆ చుట్టుపక్కల తెలియని వాళ్ళు లేరు. ఇద్దరికీ పెళ్ళిళ్ళు కాలేదు, ఇద్దరికీ దాని మీద బెంగా లేదు. పొద్దున్నే రొట్టెలు కాల్చడం, మధ్యాహ్నం కొట్టు మూసి విల్లంబులు పట్టుకుని బయల్దేరడం. మూతపడ్డ తాళ్ళ ఫ్యాక్టరీలో తాళ్ళు పేనే పొడుగాటి షెడ్డొకటి ఉంటే దాన్ని అద్దెకి తీసుకుని, ఆ చివర గడ్డిమోపులు కట్టి నిలబెట్టుకున్నారు. పిండి పిసికి పిసికి ఇద్దరికీ చేతులు ఉక్కుముక్కలు. కొలతలాయనకి కొలతల మేష్టారని పేరు పెట్టింది అక్కే. ఆవిడకి నోరెక్కువ. చెల్లెలు విల్లు లాగుతుంటే వెనక నిలబడి "ఇంకాస్త, ఇంకాస్త, ఆఁ" అంటూ ఉండేది. పోయిన చలికాలంలో అక్క జబ్బు చేసి పోయింది. పెద్ద జబ్బేం కాదని డాక్టరన్నాడు, అయినా పోయింది. అక్క లేకపోయినా ఈవిణ్ణి జనం ఇంకా చెల్లెలనే అంటున్నారు.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక శనివారం ఆవిడ కొట్టులోకి వచ్చి విల్లూ బాణాల కట్టా బల్ల మీద పెట్టింది.

"మేష్టారూ, వీటికేదో పట్టింది. అన్నీ ఎడమకి పోతున్నాయి."

"అన్నీనా?"

"ఒక్కటి దారికొస్తే ఒట్టు. ఒకటి ఏకంగా తలుపుచెక్కలో దిగింది. మా అక్క చూసుంటే బతికుండగానే చచ్చేది నవ్వి నవ్వి."

అని, ఆ మాట తనకే తగిలి, కట్టకున్న తాడు విప్పడంలో పడింది.

ఆడలేక మద్దెల ఓడన్నవాళ్ళని కొలతలాయన చాలామందిని చూశాడు. కానీ ఈకలు చూస్తే ఒకవైపు నలిగి ఉన్నాయి. విల్లు పిడి మీద తోలు కూడా ఒకచోట అరిగింది. బాణాలు వంగకుండా పిడికి కొట్టుకుంటున్నాయన్నమాట, ఆవిడ చెప్పింది నిజమే. విల్లుని కాటాకి తగిలించి లాగి చూశాడు, బలం తగ్గలేదు. పిడికీ అల్లెతాడుకీ మధ్య ఎడం మారలేదు. బాణాల్ని ఒక్కొక్కటీ మేకుల మీద పెట్టి రాయి కట్టి చూశాడు, ఏదీ బిర్రెక్కలేదు. గీతల బాణం ఇచ్చి ఆవిడ చేత లాగించాడు. ఎప్పటి గీతే. అన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి, పడే చోటు ఒక్కటే మారింది.

"కర్రకి వయసొచ్చి ఉంటుంది. కొత్తవి చేస్తాను" అన్నాడు. నమ్మి అన్న మాట కాదది, ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాడు.

కొత్తవి చేశాడు. అవీ ఎడమకే పోయాయి. ఈకలు పెద్దవి కట్టాడు, ములికి మార్చాడు, పిడి మీద తోలు మార్చాడు. కొంచెం మేలంటుంది వచ్చి, మళ్ళీ వారం ఎడమే అంటుంది. శనివారం కొట్టు మూసి ఆవిడ రావడం, స్టూలు మీద కూర్చోవడం, ఆయన పనిచేస్తుంటే కబుర్లు చెప్పడం అలవాటైపోయింది. పులిసిన పిండి చలికాలం ఎందుకు మొండికేస్తుందో, పొయ్యి ఏ మూల ఎక్కువ కాలుతుందో, అక్క ఏ గిరాకీని ఏమని తిట్టి పంపిందో, అన్నీ చెప్పేది. కొలతలాయన ఊఁ కొట్టేవాడు. మొదటివారం ఆయన దగ్గర కప్పు ఒక్కటే ఉంది. తరవాతి వారానికి ఇంకోటి కొన్నాడు. శుక్రవారం నాడు కిటికీ అద్దం తుడుస్తూ, ఇదంతా ఎవరికోసమో తట్టి సిగ్గుపడ్డాడు.

ఇందులో దాచడానికేముంది, ఆయనకి ఆవిడ రావడం కావాలి. పెళ్ళాం పోయాక ఆ గదిలో గిరాకీ మాటలే తప్ప మనిషి మాట వినపడలేదు. శనివారం మధ్యాహ్నం దాటాక గది మళ్ళీ చప్పబడేది. కడిగిన రెండు కప్పులూ బోర్లించి, ఆయన రేడియో పెట్టుకునేవాడు. అదీ పాటలు కాదు, వాతావరణ సమాచారం. ఎవరో ఒకరు మాట్లాడుతూ ఉంటే చాలు ఆయనకి.

చిక్కల్లా ఇదే: బాణాలు కుదిరిన రోజు ఆవిడ రావడం మానేస్తుంది. కుదరకపోతే ఆయన చేసే పనికి అర్థం లేదు. కుడితిలో పడ్డ ఎలుకలా అటూ ఇటూ కొట్టుకున్నాడు పాపం. అలాగని ఏనాడూ కావాలని తప్పు కర్ర ఎత్తలేదు, ఆ మాట ఒప్పుకోవాలి.

ఒక శనివారం మాత్రం ఆవిడ స్టూలు మీద కూర్చోలేదు.

"ఇవీ కుదరకపోతే విల్లు అమ్మేస్తాను మేష్టారూ. షెడ్డు తాళం ఇచ్చేస్తాను."

"ఎందుకండీ?"

"పొద్దున్న లేస్తే పొయ్యి, కొట్టు, ఇల్లు. ఎటు చూసినా అక్క లేదని గుర్తుచేసేవే. విల్లు పట్టుకున్నప్పుడు ఒక్కటే ఏదీ గుర్తుండేది కాదు. ఇప్పుడదీ నన్ను పక్కకి నెట్టేస్తుంటే ఎందుకు చెప్పండి ఇంకా?" కళ్ళు తుడుచుకుంది, చేతులకి ఎప్పుడూ పిండి ఉండే అలవాటు కొద్దీ కాబోలు, మణికట్టుతో తుడుచుకుంది.

కొలతలాయన చేతిలో కర్ర పక్కన పెట్టాడు. "ఒకసారి నేనే వచ్చి చూస్తాను" అన్నాడు.

మర్నాడు షెడ్డుకి వెళ్ళాడు. పక్కన నిలబడ్డాడు. ఆవిడ లాగి వదిలింది. గడ్డి మధ్యలో దిగింది. ఇంకోటి, దాని పక్కనే. ఇంకోటి. ఒక్కటంటే ఒక్కటి ఎడమకి పోలేదు.

ఆవిడ నోరు తెరిచి చూసి, పకపకా నవ్వింది. "చూశారా వీటి వేషాలు? మేష్టారొచ్చేసరికి బడిపిల్లల్లా ఎంత బుద్ధిగా ఉన్నాయో!"

ఆయనకి నవ్వు రాలేదు. కారణం తెలియకుండా కుదిరింది కారణం తెలియకుండానే చెడుతుందని ఆయనకి తెలుసు. అనుకున్నట్టే, రెండ్రోజుల తరవాత బేకరీ ముందునుంచి వెళ్తుంటే ఆవిడ కిటికీలోంచే ఎడమచేయి ఊపి చూపించింది. ఎడమకే, మళ్ళీ.

ఆ శనివారం వచ్చి, మాట్లాడకుండా టీ తాగి, వెళ్తూ వెళ్తూ చేతి తొడుగు స్టూలు మీద మరిచిపోయింది. ఆదివారం మధ్యాహ్నం అది పట్టుకుని ఆయన షెడ్డుకి బయల్దేరాడు. లోపల అల్లెతాడు చప్పుడు వినిపించింది. మధ్యలో తలుపు తీస్తే గురి చెడుతుందని, ఆ బాణం వదిలేదాకా ఆగుదామని, పగిలిన కిటికీ దగ్గర నిలబడ్డాడు. చాటుగా చూద్దామని కాదు. చూసేశాడు, అంతే.

ఆవిడ విల్లెత్తింది. లాగింది. చెయ్యి నోటి చివరకి రావాలి, ఎప్పుడూ అక్కడికే వచ్చేది. గడ్డం దగ్గరికి వచ్చి ఆగిపోయింది. ములికి పిడిని ఆనుకుని ఉండాల్సింది, బొటనవేలంత కర్ర పిడికి అవతలే ఉండిపోయింది. అలా ఆగి, ఆవిడ తల కొంచెం వెనక్కి తిప్పింది. ఎవరో ఏదో అంటారని చెవి పెట్టినట్టు. ఎవరూ ఏమీ అనలేదు. ఇక వదిలేసింది. బాణం టక్కున పిడికి కొట్టుకుని ఎడమకి పోయింది.

కొలతలాయన తొడుగు చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఇన్నాళ్ళూ కర్రలో వెతికాడు, ఈకలో వెతికాడు, తోలులో వెతికాడు. ఇదేమో ఇక్కడ ఉంది. పక్కన మనిషి ఉంటే ఆవిడ నిండుగా లాగుతుంది. మనిషి లేకపోతే అంత దూరం లాగదు, తక్కువ లాగిన విల్లుకి అంత బలం ఉండదు, ఆ బలానికి పాత కర్ర వంగదు. ఆవిడకీ ఈ సంగతి తెలియదు. తెలియాలంటే ఎవరో పక్కన ఉండి చూడాలి, ఉంటే చెయ్యి మళ్ళీ నోటి చివరకి పోతుంది.

ఆయన విద్యలోనే ఉంది ఈ లోపం. కొలిచేవాడు పక్కన నిలబడక తప్పదు కదా. గీత చదవాలంటే దగ్గర ఉండాలి. ఇన్నేళ్ళుగా ఆయన కొలిచిందంతా మనుషులు ఇంకొకరి పక్కన ఉన్నప్పటి కొలత. ఒంటరిగా ఉన్నప్పుడు ఏ మనిషి ఎంతవరకు లాగుతాడో ఆయనకి ఒక్కరిది కూడా తెలియదు. ఇప్పుడు మొదటిసారి ఒకరిది తెలిసింది, తెలిసింది కూడా ఆవిడది.

తొడుగు తలుపు గొళ్ళేనికి తగిలించి, వెనక్కి తిరిగి వచ్చేశాడు.

ఇక్కడ ఇంకో మనిషైతే ఏం చేసేవాడు? తలుపు తోసుకుని లోపలికి వెళ్ళి, "అమ్మా, నీ బాణాలకేం రోగం లేదు, పక్కన మనిషి కావాలి, నేను నిలబడతాను" అనేవాడు. ఆ ఒక్క మాటతో అన్నీ తిన్నగా పోయేవి. కొలతలాయన ఆ మాటని దారంతా నోట్లో వేసుకుని నమిలాడు. "నేను వస్తానండి రోజూ" అని చూశాడు. "మీకు అభ్యంతరం లేకపోతే" అని ముందు తగిలించి చూశాడు. ఇస్త్రీ కొట్టు దాకా వచ్చేసరికి, ఆవిడ అక్క కోసం చెవి పెట్టింది గానీ నాకోసం కాదు కదా అనిపించింది. అక్క నిలబడ్డ చోట నేనెవరిని నిలబడ్డానికి? పైగా అది చెప్పాలంటే, మీరు ఒంటరిగా ఉన్నప్పుడు సగం మనిషే ఉంటున్నారని ఆవిడ మొహం మీదే చెప్పాలి. అంత మాట ఆయన అనలేడు. మంచితనమనండి, పిరికితనమనండి, రెండింటికీ ఆయన దగ్గర కొలత ఒక్కటే.

కొట్టులోకి వచ్చి కర్రల ముందు నిలబడ్డాడు. ఎప్పుడూ ఆవిడకి తీసే కర్రల దగ్గర కాకుండా, కిటికీ వైపు రెండడుగులు జరిగాడు. మెత్తనివి తీశాడు. ఎవరూ లేనప్పటి ఆ తక్కువ బలానికి సరిగ్గా వంగేవి.

కోసేటప్పుడు చెయ్యి ఆగింది. ఆవిడ ఒంటరిగా లాగేది తక్కువే కాబట్టి పొడుగు తగ్గించి కోయొచ్చు, బాణం చూడ్డానికీ తీరుగా ఉంటుంది. కానీ పొట్టి బాణంతో ఏనాడైనా నిండుగా లాగితే ములికి పిడి దాటి వెనక్కి వచ్చి చేతిలోనే దిగుతుంది. ఏనాడైనా అంటే, ఎవరైనా పక్కన నిలబడ్డ నాడు. కొలతలాయన రంపాన్ని పాత గీత దగ్గరే పెట్టాడు. పొడుగు తగ్గించలేదు. బిగువు ఒంటరితనానికి, పొడుగు తోడు దొరికే రోజుకి. ఆ తోడు తను కాకపోయినా సరే, ఆవిడ చెయ్యి కోసుకోకూడదు.

ఈకలు కట్టి, జిగురు ఆరాక, ఆదివారం దాకా ఆగి తనే తీసుకెళ్ళాడు.

"శనివారం కొట్టు మూసి ఉందేమిటి? వచ్చి తిరిగి వెళ్ళాను" అంది ఆవిడ.

"జిగురు ఆరలేదు" అన్నాడు. కొట్టు ఎందుకు మూశాడో మనకి తెలుసు. స్టూలు మీద ఆవిడ కూర్చుంటే బాణాలు ఇవ్వబుద్ధి కాదేమోనని ఆయన భయం.

"ఇవే ఆఖరివి. మీ ముందే వేస్తాను."

వద్దనడానికి ఏం చెప్పాలో తోచేలోపే ఆవిడ లాగింది. నిండుగా, నోటి చివర దాకా. బాణం వయ్యారంగా వంకరపోయి కుడికి, గోడ దగ్గర దిగింది. ఇంకోటి వేసింది. అదీ కుడికే.

ఆవిడ విల్లు దించింది. "ఇప్పుడు కుడికా! బాగుంది మేష్టారూ. మీ చేతిలో తప్పు లేదు, నాకే రాసిపెట్టి లేదు." అని అల్లెతాడు విప్పడానికి విల్లు వంచబోయింది.

"ఆగండి!" అన్నాడు. ఆయన గొంతు అంత పెద్దదని ఆయనకే తెలియదు. "నేను... నాకిక్కడ దుమ్ముకి దగ్గొస్తోంది. నేను వెళ్తాను. మీరు మాత్రం ఆపకండి. కట్ట అయ్యేదాకా వెయ్యండి. నా మాట వినండి, ఈ ఒక్కసారికి."

"మీరు వెళ్తే ఎవరు చూస్తారు?"

"చూడక్కర్లేదండీ. నేను ఇంటికెళ్ళిపోతున్నాను."

ఆవిడ ఆయన వైపు వింతగా చూసింది. ఆయన బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. వెళ్ళిపోతానన్నాడు గానీ కాళ్ళు సాగలేదు. చేసినవాడికి బాణం ఎక్కడ పడిందో వినాలని ఉండదా? గోడకి భుజం ఆనించి నిలబడ్డాడు. గడ్డి మధ్యలో దిగితే నిండుగా మోగుతుంది, అంచున దిగితే డొల్లగా మోగుతుంది, చూడకపోయినా తెలుస్తుంది.

అల్లెతాడు మోగింది. డొల్ల చప్పుడు. అంచునే పడింది.

తప్పు లెక్కేశానా అనుకున్నాడు. కాసేపటికి లోపలనుంచి ఆవిడ గొంతు వినిపించింది, తలుపు వైపు తిరిగి అన్నట్టుగా.

"మేష్టారూ? ఉన్నారా?"

అర్థమైంది. తలుపు అవతల ఆయన ఉన్నాడేమోనని ఆవిడకి అనుమానం. ఆ అనుమానానికే చెయ్యి నిండుగా పోయింది. కనబడక్కర్లేదు, ఉన్నాడనుకుంటే చాలు ఆవిడకి.

ఉన్నావా అని ఎవరైనా ఆయన్ని అడిగి ఎన్నేళ్ళయిందో. ఉన్నానండీ అనాలని ప్రాణం కొట్టుకులాడింది. అంటే ఆవిడ నవ్వుతూ తలుపు తీస్తుంది, రెండు మాటలు మాట్లాడుకుంటారు, తరవాత బాణాలు కుడికి పోతాయి, రేపో ఎల్లుండో విల్లు ఎవరికో అమ్మేస్తుంది. కొలతలాయన నోరు తెరిచాడు, తెరిచిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. గోడకి ఆనించిన భుజాన్ని కూడా చప్పుడు కాకుండా తీసేశాడు.

"వెళ్ళిపోయినట్టున్నారు" అంది ఆవిడ, తనతోనే.

చాలాసేపు ఏ చప్పుడూ లేదు. తరవాత అల్లెతాడు మోగింది, బాణం గడ్డి మధ్యలో నిండుగా దిగింది. రెండోదీ అక్కడే దిగింది. ఆపైన ఎన్ని దిగాయో ఆయన లెక్కపెట్టలేదు. మధ్యలో ఆవిడ నవ్వడం వినిపించింది. ఎవరూ వినడం లేదనుకున్నప్పుడు మనిషి నవ్వే నవ్వు అది.

షెడ్డు ముందంతా ఆ వారమే కొత్తగా పోసిన కంకర. చెప్పులతో నడిస్తే కరకరలాడుతుంది. ఆయన వంగి చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, ఉత్తకాళ్ళతో ఆ కంకర మీద వీధి దాకా నడిచాడు.